జోహరాబీ నోటిమాట

ఒంటి మంచం పరుపుకి గుడ్డ కత్తిరించమంటే జోహరాబీ డబుల్ కాట్ కొలతకి కత్తిరించేసింది.

కత్తెర కింద పెట్టి, రెండంచులూ పట్టుకుని దులిపితే గానీ సంగతి తెలియలేదు. నీలం చారల గుడ్డ షాపు నేలంతా పరుచుకుంది. అద్దంకిలో పెళ్ళయిన ఇళ్ళల్లో సగం పరుపులు ఆవిడ చేతి కుట్టే. ఏ మంచానికి ఎంత గుడ్డ పడుతుందో టేపు లేకుండా చెప్పగలదు. అలాంటి మనిషి, పట్టపగలు, కళ్ళు తెరుచుకునే ఈ పని చేసింది.

ఆ పరుపు మీరావలిది. జిన్నింగు మిల్లు నుంచి ఈ షాపుకి దూది తోలే ట్రాలీ ఆటో అతనిది. పెళ్ళాం పోయి కొన్నేళ్ళయింది. మొన్న శనివారం వచ్చి, "ఇక ఒంటి మంచానికి చాలండి, మనిషినొక్కణ్ణేగా" అని ఆర్డరు చెప్పి, దించిన తల ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

ఎదురుగా దిండ్లలో దూది కూరుతున్న షాజాదీ ఆ గుడ్డ వంక చూసింది, ఆడబిడ్డ మొహం వంక చూసింది, మళ్ళీ దిండులోకి చెయ్యి పెట్టింది. షాజాదీ అంటే జోహరాబీ తమ్ముడు జాన్ బాషా భార్య. నవ్వు దాచుకోవడం చేతకాని మనిషి.

"ఏంది ఆ నవ్వు?"

"నేనెక్కడ నవ్వా వదినా? ముక్కులో దూది పోయింది."

అంతలో జాన్ బాషా వచ్చాడు. చెప్పులు విప్పుతూనే గుడ్డని చూశాడు. అతను కోప్పడే మనిషి కాదు. కోప్పడితే బాగుండేది, ఎదురు ఓ మాట అనేసి కడుపుమంట తీర్చుకోవచ్చు. అతను చిన్నగా నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే చాలు, తమ్ముడి కన్నా అంత పెద్దదై ఉండి కూడా జోహరాబీ పలక పగలగొట్టిన పిల్లలా అయిపోతుంది.

"ఇది మీరావలిదేగా అక్కా?"

"ఊ. చూసుకోలా."

"పర్లేదులే. ఎవరికో ఒకరికి పనికొస్తది." గుడ్డని నెమ్మదిగా, మడతలు నలగకుండా మడిచాడు. ఆ తర్వాత ఆవిడ పక్కనున్న కత్తెర తీసుకెళ్ళి తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. "నీకు ఒంట్లో బాగున్నట్టు లేదు. ఇక కత్తిరింపులు నేను చూసుకుంటా. నువ్వు కుట్టు చూడు చాలు."

"ఒక్కసారి తప్పు పోయిందని..."

"తప్పని ఎవరన్నారక్కా? నీకు శ్రమెందుకని."

అదీ వరస. జాన్ బాషా ఏది తీసుకున్నా ఆవిడ శ్రమ తగ్గించడానికే తీసుకుంటాడు. 'పిచ్చి కాల్స్ వస్తున్నాయి, నీకెందుకా తలనొప్పి' అని ఫోను అలాగే తీసుకున్నాడు. చీరలు తనే మంగళగిరి నుంచి తెస్తాడు. మంచి నేత చీరలే, కాకపోతే అన్నీ బూడిద రంగువో వెలిసిన గోధుమ రంగువో. పెళ్ళిళ్ళలో ఎవరైనా లడ్డూ చేతిలో పెట్టబోతే 'మా అక్క తీపి తినదండీ' అని తనే చెప్పేస్తాడు. జోహరాబీకి తీపంటే ప్రాణం. మొదట్లో నవ్వి ఊరుకుంది. ఊరుకుని ఊరుకుని నిజంగానే తినని మనిషైపోయింది. ఊళ్ళో మాత్రం తమ్ముడంటే జాన్ బాషాలా ఉండాలంటారు. మొగుడు పోయి పుట్టింటికొచ్చిన అక్కని ఎంత పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడో చూడండి, అంటారు. తల్లి పోయాక ఆ తమ్ముడికి ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఈవిడేనన్న మాట ఎవరికీ గుర్తులేదు.

"ఇంకోటి అక్కా. రేపట్నుంచి మిల్లు దూదికి వేరే బండి చెప్పా. మీరావలికి పాపం బేరాలు ఎక్కువైపోయినయ్."

దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్న జోహరాబీ చెయ్యి ఆగింది. "ఎవరి బండి?"

"ఎవరిదైతే ఏంది? దూది దూదేగా."

దూది దూదే. కానీ ఈ నెలల్లో రోడ్డు మీద ఏ ట్రాలీ చూసినా మిర్చి బస్తాలే, కల్లాల నుంచి కోల్డ్ స్టోరేజీలకి. బస్తాలు దింపగానే అదే బండిలో దూది ఎత్తుకొస్తారు. అడుగున రాలిన గింజలూ, కారం దుమ్మూ దూదిలో కలిస్తే ఇక అంతే సంగతులు. ఆ పరుపెక్కిన పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తెల్లార్లూ తుమ్ముకుంటూ కూర్చోవాల్సిందే. మీరావలి ఒక్కడే మిర్చి దింపాక బండి కడిగి, ఎండకి ఆరబెట్టి, పట్టా పరిచి దూది ఎత్తేవాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. జోహరాబీ కళ్ళు తుడుచుకుంటూ దగ్గడం ఒకసారి చూశాడు, ఆ మర్నాటి నుంచీ మొదలుపెట్టాడు. దాని గురించి అతను ఒక్క మాట అనలేదు, ఆవిడా అనలేదు. ఎన్నిసార్లు తలుచుకుందో మాత్రం అల్లాకే తెలియాలి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక జాన్ బాషా, షాజాదీ గదిలోకి పోయి తలుపేసుకున్నారు. షాపు వెనకే ఇల్లు. జోహరాబీ వసారాలో కూర్చుని దారం ఉండ చుడుతోంది. కాసేపు చుట్టి, "తమ్ముడూ, ఆ మార్టూరు వాళ్ళు దిండ్లు ఎన్నన్నారు?" అని కేకేసింది. లోపల నుంచి జవాబొచ్చింది. ఇంకాసేపు చుట్టింది. "షాజాదీ, పాలు దించావా?"

పాలు దించి ఉన్నాయని ఆవిడకి తెలుసు. తలుపు తెరుచుకుంది. షాజాదీ జుట్టు ముడేసుకుంటూ వచ్చి, గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. గదిలోకి తిరిగి పోకుండా చీపురు అందుకుంది. జోహరాబీ మనసు కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో ఆలోచించుకోలేదు. ఇంటికి పెద్దదిక్కు, ఓ కన్నేసి ఉంచాలి కదా అనుకుంది.

మర్నాడు గుడ్డ తేవడానికి జాన్ బాషా గుంటూరు వెళ్ళాడు. అతను బస్సెక్కిన కాసేపటికే కోటిరత్నం దిగింది. పక్క ఊరి రైతు భార్య, కూతురి పెళ్ళికి పరుపులు చెప్పింది. ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది.

"ఏం జోహరమ్మా, నా కూతురి పరుపు ఎందాకా వచ్చింది? ముహూర్తం ముంచుకొస్తంటే అల్లుణ్ణి చాప మీద పడుకోబెట్టమంటావా ఏంది?"

"అంచు కుట్టు అయితే అయిపోయినట్టేనమ్మా. కూర్చోండి."

కోటిరత్నం కూర్చోలేదు. పరుపు మీద రెండు చేతులూ ఆన్చి నొక్కి చూసింది. ఆ మూల నొక్కింది, ఈ మూల నొక్కింది. "ఎంత బాగా కుట్టావే తల్లీ! ఊరందరి కాపురాలకీ పరుపులు కుడతావు గదా, ఆ మీరావలిని ఎందుకు కాదన్నావమ్మా? మేలిమి బంగారం లాంటి మనిషి."

దబ్బనం వేలిలో దిగింది. జోహరాబీ చూసుకోలేదు.

"ఎవరు కాదన్నారు?"

"అదేంది! మొన్న మా మిరపకాయలు ఎత్తటానికొచ్చి మా ఆయనతో చెప్పుకున్నాడు. శుక్రవారం నమాజయ్యాక మసీదు బయట నీ తమ్ముణ్ణి మర్యాదగా అడిగాడంట. 'మా అక్కకి అట్టాంటి ఆలోచనలు లేవు, ఈ మాట చెవిన పడితే మనిషి మంచమెక్కుద్ది' అన్నాడంట నీ తమ్ముడు. నీకు తెలీదా? అయ్యో, నా నోరు పడ!"

జోహరాబీ మనసులో రోజులు లెక్కేసుకుంది. శుక్రవారం అడిగాడు. కాదనిపించుకుని, శనివారం వచ్చి ఒంటి మంచానికి పరుపు చెప్పాడు. తల ఎత్తకపోతే సిగ్గనుకుంది తను. మనసు విరిగి ఎత్తలేదన్నమాట. ముందు ఒళ్ళంతా వెచ్చబడింది, నన్ను అడిగాడు, నన్ను. ఆ వెనకే తమ్ముడి మీద కోపం ముంచుకొచ్చింది. ఆ రెంటి మధ్యా ఎక్కడో నవ్వు కూడా వచ్చింది, అది చూసి ఆవిడకే భయమేసింది.

"పోనీ తెలిసిందిగా. నీకిష్టమా కాదా, అది చెప్పు. నేను మాట్లాడతా."

"ఈ వయసులో నాకు ఇవన్నీ ఏందమ్మా?"

"వయసంట వయసు! అడగందే అమ్మైనా పెట్టదు. నోరు కట్టుకుని కూర్చుంటే నీకెవరు పెడతారే?" వేలి రక్తం చూసి కోటిరత్నం గొంతు తగ్గించింది. "చూసుకో తల్లీ, నా కూతురి పరుపుకి అంటుద్ది."

సాయంత్రం జాన్ బాషా తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నాక, జోహరాబీ ఎదురుగా కూర్చుంది.

"మీరావలి నిన్నేమన్నా అడిగాడంట్రా?"

అతను ముద్ద నమిలి మింగాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరో."

"అడిగాడు. నువ్వు బాధపడతావని చెప్పలా. వాడికి కావాల్సింది వండిపెట్టే మనిషక్కా, అంతకన్నా ఏం లేదు. నీకెందుకా వెట్టి?" అక్క లేచి వెళ్ళిపోతుందేమోనని చూశాడు. ఆవిడ లేవలేదు. అప్పుడు నవ్వాడు. "పోనీ, నీకేమన్నా కావాలని ఉందా? చెప్పక్కా, సిగ్గుపడమాక. ఇన్నేళ్ళ తర్వాత మగతోడు కావాలని ఉంటే ఇప్పుడే పిలుస్తా. ఉందా?"

ఫోను తీసి కంచం పక్కన పెట్టాడు. గుమ్మంలో షాజాదీ నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. ఆ మాటలో బూతు లేదు, కసురు లేదు. అయినా జోహరాబీకి నడిబజారులో కొంగు పట్టి లాగినట్టయింది. అవునందామని నోరు తెరిచింది.

"నాకెందుకురా ఇవన్నీ," అంది.

"నాకు తెలుసక్కా." మజ్జిగ పోసుకున్నాడు. "షాజాదీ, అక్కకి కూర వెయ్యి."

కొత్త బండి దూది బుధవారం వచ్చింది. డ్రైవరు మూటలు వాకిట్లో పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. మొదటి మూట విప్పి దూది ఏకే మిషనులో పెట్టగానే షాపంతా కారం. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తుమ్మారు. జాన్ బాషా కళ్ళు నులుముకుంటూ మిషను ఆపి, "నేను మిల్లుకాడికి పోయి వీడి సంగతి తేల్చుకొస్తా. మీరు చేత్తో ఏరి దులపండి" అని బండేసుకుని పోయాడు.

ఆడవాళ్ళిద్దరూ మూతికి తడిగుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. గుప్పెడు గుప్పెడు దూది విడదీసి, మిరప గింజలు ఏరి పారేసి, జల్లెడ మీద వేసి బెత్తంతో తట్టడం. ఎంత ఏరినా ఎర్రగానే ఉంది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారలు. నిన్నటి నుంచీ ఏడవడానికి చోటు దొరకని జోహరాబీకి అది బాగానే పనికొచ్చింది. తుడుచుకునే పని కూడా లేకుండా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఎదురుగా షాజాదీ తలలో పూలు కనబడి ఒళ్ళు మండింది.

"పనిలోకి ఆ పూలెందుకు? ఎవరు చూడాలని?"

షాజాదీ బెత్తం ఆపింది. మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది.

"వదినా, మీరావలిని అడగమని చెప్పింది నేనే."

"నువ్వా?"

"నేనే. నీ మీద ప్రేమతో అనుకునేవు. ప్రేమ లేకపోలేదు గానీ, దానికోసం కాదు. నువ్వు ఈ ఇంట్లోంచి పోతే నా మొగుడితో నేను తలుపేసుకుని నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చని."

"ఏం కూశావే?"

"కూస్తా, ఈ ఒక్కసారికి కూయనీ. నిన్న నీ తమ్ముడు నా ముందర నిన్ను 'కావాలా, ఉందా' అని అడిగాడే, నీకెట్టా అనిపించింది? నువ్వు నన్ను రోజూ అట్టాగే అడుగుతావు. ఆ మాటతో కాదు. పాలు దించావా అని అడుగుతావు. తలుపు తీసుకుని బయటికొచ్చిన ప్రతిసారీ నాకు బట్టల్లేనట్టే ఉంటది వదినా."

నిన్ను ఈ ఇంటికి ఏరి తెచ్చింది నేను, నీకేం తక్కువ చేశానే, అనే మాట జోహరాబీ నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఆ మాట తమ్ముడి గొంతుతో వినబడింది ఆవిడకి. వాడికి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? చిన్నప్పుడు ఐసుబండి ముందు నిలబడి వాడు చెయ్యి చాపితే, 'మా తమ్ముడు ఐసు తినడు, జలుబు చేస్తది' అని బండివాణ్ణి పంపించేసింది ఎవరు? వాడి మంచికే పంపింది. అన్నీ వాడి మంచికే. సిగ్గేసింది ఆవిడకి. మగాడి గురించి కాదు ఈసారి సిగ్గు, ఈ పిల్లకి చేసినదానికి.

"నాకు తెలీలేదే," అంది చివరికి. తర్వాత, "అబద్ధం. తెలుసు. కొంచెం కొంచెం తెలుసు."

షాజాదీ ముక్కు చీదుకుంది. అది ఏడుపో కారమో తెలియడం లేదు. "మా అమ్మ మారు నిఖా అప్పుడు మసీదు హజ్రత్ గారు చెప్పగా విన్నా. కన్నెపిల్ల మాట్లాడకుండా ఉంటే ఒప్పుకున్నట్టేనంట. మొగుడు పోయిన ఆడది మాత్రం నోరు తెరిచి చెప్పాలంట, లేకపోతే చెల్లదంట. నువ్వు ఊరుకుంటే నీ బదులు ఎవరూ ఒప్పుకోలేరు వదినా. నీ తమ్ముడు మాత్రం నీ బదులు కాదనగలడు, అనేశాడు కూడా."

జోహరాబీ లేచింది. పెరట్లోకి పోయి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది, చీర మీద దూది దులుపుకుంది. చెప్పులేసుకుని వాకిట్లోకొచ్చింది.

"వాడొస్తే ఎక్కడికి పోయావని చెప్పను?" అంది షాజాదీ.

"మీరావలి దగ్గరికి పోయిందని చెప్పు."

ట్రాలీ ఆటోల స్టాండు బస్టాండు పక్కనే. పట్టపగలు, టీ బంకు నిండా మనుషులు. ఆ నడక నడుస్తున్నంత సేపూ కాళ్ళు వెనక్కి లాగాయి. ఎదురొచ్చిన ప్రతివాడూ 'ఏం జోహరాబీ, ఎటు' అని అడగబోతున్నట్టే ఉంది. ఎవరూ అడగలేదు. ఎవడి పని వాడిది.

మీరావలి ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి బండి కడుగుతున్నాడు. ఎర్రటి నీళ్ళు చక్రాల కిందినుంచి కాలవలోకి పోతున్నాయి. ఆవిణ్ణి చూసి బకెట్టు కింద పెట్టేశాడు.

"దూది ఎత్తడం లేదుగా, ఇంకెందుకు కడుగుతున్నారు?" అంది జోహరాబీ. చెప్పాలనుకున్నది అది కాదు.

"అలవాటైపోయిందండీ."

"శుక్రవారం మా తమ్ముణ్ణి అడిగారంట."

అతను చుట్టూ చూశాడు. టీ బంకు దగ్గర మాటలు ఆగాయి. "అవునండీ. తప్పయితే... మీ తమ్ముడు ఒప్పుకున్నాడా?"

ఎక్కడలేని కోపం వచ్చింది ఆవిడకి. "మీరు చేసుకోవాల్సింది నన్నా, మా తమ్ముణ్ణా?"

బంకు దగ్గర ఎవడో టీ గుటక పొరబోయి దగ్గాడు, పక్కవాళ్ళు నవ్వారు. మీరావలి చెవులదాకా ఎర్రబడ్డాడు. "మిమ్మల్నేనండీ. అడిగే ధైర్యం లేకపోయింది."

"నేనింత దూరం వచ్చా. ఇప్పుడడగండి."

తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. అడిగాడు. పెదాలు కదిలాయంతే. అయినా ఆవిడకి వినబడింది.

"చేసుకుంటా," అంది జోహరాబీ. గట్టిగానే అంది. స్టాండులో అందరికీ వినబడింది. ఆకాశమేం విరిగి మీద పడలేదు. "ఒక్కటి చెప్పండి. నా బదులు మీరు జవాబు చెప్పే అలవాటుందా?"

"నా జవాబులే నాకు రావండీ," అన్నాడు మీరావలి. దిగులుగా అన్నాడు. జోహరాబీకి నవ్వొచ్చింది, ఈసారి భయమెయ్యలేదు.

ఇంటికొచ్చేసరికి జాన్ బాషా షాపులో పరుపుల దొంతి మీద కూర్చుని ఉన్నాడు. షాజాదీ లోపల గిన్నెలు తోముతోంది.

"ఎక్కడికి పోయావక్కా? ఇది ఏదేదో చెప్తంది."

"అది చెప్పింది నిజమే. మీరావలికి మాటిచ్చి వచ్చా."

అతను నవ్వాడు, ఎప్పటి నవ్వే. "నీకు ఒంట్లో బాలేదక్కా. ఆ కారానికి తల తిరిగినట్టుంది. కాసేపు పడుకో, నేను వాడితో మాట్లాడతా."

"నా ఒళ్ళు బానే ఉంది. నేను మాట్లాడేశా. నువ్వు మళ్ళీ మాట్లాడేది ఏం లేదు."

"నలుగురూ నవ్వుతారు."

"నవ్వారు కూడా. టీ తాగుతూ నవ్వారు."

జాన్ బాషా మొహంలోంచి నవ్వు పోయింది. అది పోతే ఆ మొహంలో ఏముంటుందో జోహరాబీ చాలా ఏళ్ళుగా చూడలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. దొంగేడుపు కాదు. "నీకేం తక్కువ చేశానక్కా? చెప్పు, ఏం తక్కువ చేశా?"

ఆవిడ పెంచిన చెయ్యి, వాడి తల మీదికి దానంతటదే లేచింది. పోనులేరా, ఎక్కడికీ పోనులే, అని ఒక్క మాటంటే ఆగిపోయే ఏడుపు అది. ఆ మాట ఎంత తేలికో, తర్వాత ఎంత బరువో ఆవిడకి తెలుసు. వాడి తల నిమిరింది. ఆ మాట మాత్రం అనలేదు.

"ఏం తక్కువ చెయ్యలేదురా. నన్నడగలేదు, అంతే."

"నన్నొదిలేసి పోతావా?"

"రెండు వీధుల అవతలికి పోతా. పొద్దున్నే పనిలోకి వస్తా. శుక్రవారం హజ్రత్ గారిని పిలుద్దాం. తమ్ముడివి, నువ్వు ముందుండి జరిపించాలి. జరిపించకపోయినా జరుగుద్ది."

జాన్ బాషా తలెత్తాడు. మీసాలు మొలిచి ఎన్నేళ్ళో అయిన మనిషి, చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, "మరి నన్నెవరు చూస్తారు?" అన్నాడు.

షాజాదీ ఉందిగా, అది చూస్తుందిలే. జోహరాబీ నాలుక చివర సిద్ధంగా ఉంది జవాబు. పళ్ళు బిగించి ఆపుకుంది. వెనక గిన్నెల చప్పుడు ఎప్పుడాగిందో తెలియదు. షాజాదీ వచ్చి గుమ్మంలో నిలబడింది, మోచేతులదాకా నురగతో. మొగుడి వంక చూస్తూ, తొందరేం లేనట్టు చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఆ మాట నన్నడుగు," అంది.